లారీకి నీళ్లు, డ్రైవరుకి నీళ్లు

లారీ కడగడానికి కూడా ఒక చరిత్ర ఉంటుందా అని మీకు నవ్వు రావచ్చు. మా కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లల్లో పుట్టినవాళ్లకు మాత్రం రాదు. ఇక్కడ మామిడి తోటో, లారీయో, ఏదో ఒకటి తగలని ఇల్లు అరుదు. మా కుటుంబానికి రెండూ ఉండేవి. హైవే పక్కన మా పెద్దలు నడిపి మూసేసిన వాటర్ సర్వీస్ జాగాలో ఇప్పుడు సెల్ఫ్ సర్వీస్ లారీ వాష్ పెడదామని మా పిల్లలు అంటున్నారు. డ్రైవరే బండి నిలుపుకొని, డబ్బు కట్టి, గన్ను పట్టుకొని కడుక్కొని పోవాలి. మనుషుల్ని పెట్టే పని ఉండదు. మీటరు తిరిగినంత సేపు నీళ్లు వస్తాయి. ఈ విషయం పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ మధ్య ఇంకా తెగలేదు. "డ్రైవర్లకు అసలేం కావాలి?" అన్న దగ్గర మాట ఆగిపోతా ఉంది. ఆ ప్రశ్నకు మా రోడ్డు మీద డెబ్బై ఏళ్లుగా జవాబులు పోగుపడి ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి పెట్టడమే ఈ రాత ఉద్దేశం.

ముందు ఊరి సంగతి. మాది మొరసునాడు. మేము కదల్లేదు గానీ జిల్లా కదిలింది. మా తాత కాలానికి సేలం జిల్లా, 1965లో ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. రోడ్డు పేరూ అంతే. కాశీ నుంచి కన్యాకుమారి దాకా పోయే 7వ నంబరు జాతీయ రహదారి అని బడిలో చదువుకున్నాం. ఇప్పుడు దాని నంబరు 44. నాగపూరు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు దాటి హోసూరు మీదుగా కృష్ణగిరికి వచ్చి, ఇక్కడ మదరాసు రోడ్డును కలుసుకొని, సేలం, నామక్కల్ వైపు పోతుంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగళూరు మార్కెట్లో కన్నడం మాట్లాడే మావాళ్లకు డ్రైవరు పని, లారీ ఏజెంటు పని ఇట్టే అబ్బినాయంటే ఆశ్చర్యం లేదు. కర్నూలు బండి డ్రైవరు ఊరుగాని ఊళ్లో తెలుగు మాట చెవిన పడితే బ్రేకు మీద కాలు వేసేవాడు.

టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది 1954లో. మదరాసు దగ్గర ఎన్నూరులో ఉన్న అశోక్ మోటార్స్ పేరు అశోక్ లేలాండ్‌గా మారింది 1955లో. మా తాత ఇంకొకరి చేతి మీదుగా కొన్నది ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన బెంజి. ఆరు చక్రాల బండి, ఛాసీ మీద చెక్క బాడీ. బండికి ఒక డ్రైవరు, దూరం పోతే ఇంకో డ్రైవరు, వాళ్లిద్దరికీ చేతి కింద ఒక క్లీనరు. ఆ క్లీనర్ని గుర్తుపెట్టుకోండి, కథంతా వాడి చుట్టూనే తిరుగుతుంది.

అప్పట్లో వాటర్ సర్వీస్ అంటే చెరువు. లేదంటే ఏరు. దక్షిణ పినాకిని కావేరీపట్నం పక్కగా పారుతుంది గదా, అక్కడ ఇసుక గట్టిగా ఉన్న చోట చూసుకొని బండిని ఏట్లోకి దించేవాళ్లు. దించీ దించగానే నీళ్లు చల్లేవాళ్లు కాదు. ఘాటు దిగి వచ్చిన బండికి బ్రేకు డ్రమ్ములు కాలిపోతుంటాయి. వాటి మీద చన్నీళ్లు పడితే పగులుతాయి. అందుకని ముందు ఒడ్డున చెట్టు కింద నిలిపి, పొయ్యి వెలిగించి, అన్నానికి ఎసరు పెట్టేవాళ్లు. అన్నం ఉడికే లోపల డ్రమ్ములు చల్లారేవి. తర్వాత చక్రాల నడుము దాకా నీళ్లలోకి పోయేది బండి. క్లీనరు కొబ్బరి పీచు, సబ్బు ముక్క, ఒక బొక్కెన పట్టుకొని కిందికి దూరితే, డ్రైవరు చుట్టూ తిరిగేవాడు.

ఆ తిరగడమే అసలు పని. బురద కడిగితే గదా కమాను కట్టల్లో ఏ ఆకు విరిగిందో కనబడేది. చక్రం నట్టు వదులైతే దాని పక్కనుంచి తుప్పు చార దిగి ఉంటుంది. హబ్బు నుంచి ఆయిలు కారుతుంటే దుమ్ము అక్కడ నల్లగా పేరుకుంటుంది. ఇవన్నీ చేత్తో తడిమి చూసినవాడికే తెలుస్తాయి. మా తాత దగ్గర పనిచేసిన ఒక డ్రైవరు, బండి కడగకుండా సేలం ఘాటు ఎక్కనని మొండికేసేవాడట. అది శుభ్రం కోసం కాదు, తన ప్రాణం కోసం.

బండి అయ్యాక మనుషులు నీళ్లు పోసుకొనేవాళ్లు. లుంగీలు, చొక్కాలు ఉతికి బాడీ తాళ్లకు ఆరేసేవాళ్లు. అన్నం తినేసి, బట్టలు ఆరేదాకా బండి నీడన పడుకొనేవాళ్లు. గట్టెక్కేటప్పుడు బ్రేకును కొంచెం కొంచెం తొక్కుతా, తడిసిన లైనింగు ఆరిపోయిందని నమ్మకం కుదిరాకే రోడ్డెక్కేవాళ్లు. మొత్తం మూడు నాలుగు గంటల పని. ఎవరికీ పైసా కట్టే అవసరం లేదు. గట్టిగా చెప్పాలంటే ఇప్పుడు పిల్లలు కొత్తగా తెస్తామంటున్న సెల్ఫ్ సర్వీసు అదే. కాకపోతే చెరువు దగ్గర మీటరు లేదు.

చెరువును పొగుడుకుంటూ కూర్చోవడం కూడా న్యాయం కాదు. లారీ దిగిన చోట నీళ్ల మీద రంగులు తేలేవి. ఆ నీళ్లు గొడ్లు ముట్టేవి కావు. మడిలోకి పారిన ఆయిలు నారును ఏం చేస్తుందో రైతుకు తెలుసు. మా తాతకు ఆ చెరువు కిందే రెండు మళ్లు ఉండేవి. పొద్దున రైతుగా లారీవాళ్లను తిట్టి, సాయంత్రం సొంత బండిని అదే చెరువులో దించేవాడని మా జేజి నవ్వేది. 1974లో నీటి కాలుష్య చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, గట్టు మీద బండ్లను దించొద్దని పంచాయతీ కట్టడి చేసింది. దిగే దారికి అడ్డంగా బండలు పాతారు. సరైన పనే. ఇంత చెప్పి ఒక మాట చెప్పకపోతే మనసు ఒప్పదు. అదే దక్షిణ పినాకిని ఇప్పుడు బెంగళూరు మురుగు మోసుకొని వచ్చి, హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాము దగ్గర తెల్లటి నురగ కొండలుగా పొంగుతుంది. లారీని ఏట్లోంచి బయటికి పంపేశాం, నగరాన్ని పంపలేకపోయాం.

బండలు పాతినప్పుడు ఆగింది బండి కడగడం ఒకటే కాదు. డ్రైవరు స్నానం, బట్టలుతుక్కోవడం, పడక, వంట, బండి చుట్టూ తిరిగి చూసుకొనే తీరిక, అన్నీ ఒక్కసారిగా పోయాయి. వీటిలో ఒక్కదానికే బదులు దొరికింది. అదే వాటర్ సర్వీస్.

అశోక్ లేలాండ్ వాళ్ల హోసూరు ఫ్యాక్టరీ 1980లో వచ్చింది. ఆ దశాబ్దంలోనే మా తాత, పెదనాయన కలిసి రోడ్డు పక్క మా జాగాలో షెడ్డు వేశారు. బండి ఎక్కి నిలబడడానికి రెండు కాంక్రీటు గోడల ర్యాంపు, కింద మనిషి నిలబడే గొయ్యి, మూడు పిస్టన్ల పంపు, దానికొక మోటారు, ఒక సంపు, ఇద్దరు కుర్రవాళ్లు. కడిగిన తర్వాత ఛాసీకి తుప్పు పట్టకుండా ఆయిలు చల్లి, నిప్పిళ్లలో గ్రీసు కొట్టి పంపేవాళ్లు. బెరింగుల మీదికి, వైర్ల మీదికి గన్ను తిప్పొద్దని కుర్రవాళ్లకు మొదటి రోజే పాఠం.

పెదనాయన ఒక నోటుపుస్తకం పెట్టుకొనేవాడు. ఒక వైపు జమ, ఇంకో వైపు డ్రైవర్లు పెట్టే పేచీలు. ఆ పేచీల పేజీలు మా దగ్గర ఇంకా ఉన్నాయి. మా దృష్టిలో ఇంట్లో ఉన్న కాగితాల్లో వాటికి ఉన్న విలువ పట్టాలకు లేదు. డ్రైవరుకి ఏం కావాలో చెప్పే పత్రాలు అవే.

అందులో పదేపదే వచ్చేది అద్దం మీద మచ్చల గొడవ. మాది రాతి నేల. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో కడిగిన అద్దం మీద తెల్ల చుక్కలు నిలిచిపోతాయి. రాత్రి ఎదురు లైటు పడితే ఆ చుక్కలన్నీ మెరుస్తాయి, రోడ్డు కనబడదు. చెరువు నీళ్లకు ఈ బెడద ఉండేది కాదు. చివరికి పెదనాయన అద్దాల కోసమే వాన నీళ్లు ఒక తొట్టిలో పట్టి ఉంచేవాడు. ఇంకో పేచీ, గన్ను దెబ్బకు పేరు ఊడిందని. చెక్క బాడీ మీద పెయింటరు చేత్తో రాసిన అమ్మవారి పేరు, పిల్లల పేర్లు, వెనక కన్ను బొమ్మ. దగ్గర్నుంచి నీళ్లు కొడితే పెచ్చులు లేస్తాయి. "చక్రాలు నువ్వు కడుగు, పేరు నేను కడుక్కుంటా" అని గుడ్డ తీసుకొని దిగే డ్రైవర్లు ఉండేవాళ్లు. క్యాబిన్ లోపల దేవుడి పటం, కాగితాల పెట్టె ఎవరూ ముట్టకూడదు. ట్యాంకు మూత దగ్గర కుర్రవాడు ఎక్కువసేపు నిలబడితే డీజిలు మీద అనుమానం.

సరుకును బట్టి కూడా కడగడం మారుతుంది. ఇది బయటివాళ్లకు తెలియని సంగతి. సిమెంటు దించిన బండికి ముందు నీళ్లు పోస్తే గట్టిపడి చెక్కకు అంటుకుంటుంది, పొడిగా ఊడ్చాకే నీళ్లు. తూత్తుకుడి నుంచి ఉప్పు మోసిన బండికి అడుగు భాగం ఎంత కడిగినా తక్కువే. ఎరువు దించి బియ్యం ఎత్తాలంటే బాడీ లోపల మూల మూలా కడిగి, ఆరబెట్టి, ముక్కుతో చూసుకోవాలి. చేపల బండి, కోళ్ల బండి వస్తే మిగతా డ్రైవర్లు తమ బండ్లను గాలికి ఎదురు వైపు తిప్పుకొనేవాళ్లు. కాబట్టి "లారీకి ఇంత" అని ఒకే రేటు రాసి పెడితే ఏ డ్రైవరూ ఒప్పుకోడు. తనకు కావలసింది మాత్రమే చేయించుకొని, దానికే డబ్బిస్తానంటాడు.

ఆ డబ్బు ఎవరిది? ఇక్కడే అసలు ముడి. ఓనరు ఒప్పుకొని కట్టేది ఏడాదికి రెండు సార్లే. ఒకటి ఎఫ్.సి.కి పోయే ముందు, ఇంకొకటి ఆయుధ పూజకు. ఎఫ్.సి. ముందు బండి అడుగు భాగం మెరవాలి, ఇన్‌స్పెక్టరు కింద చూస్తాడు. ఆయుధ పూజ ముందురోజైతే మా షెడ్డు ముందు బండ్లు వరసకట్టి రోడ్డు మీదికి వచ్చేవి. మర్నాడు అరటి పిలకలు, బూడిద గుమ్మడికాయ, చక్రం కింద నిమ్మకాయలు. ఆ రెండు సార్లు కాకుండా మధ్యలో ఎప్పుడు కడిగించినా డ్రైవరు తన బత్తాలోంచి పెట్టుకోవాల్సిందే. తిండికి ఇచ్చిన డబ్బు అది. బండి బురద కడగాలంటే పూట మానుకోవాలి. అందుకే పేచీల పేజీల్లో ఇంకో మాట చాలా సార్లు ఉంది: "బిల్లు ఇవ్వు." ముద్ర వేసిన కాగితం ఉంటే ఓనరు ట్రిప్పు లెక్కలో కలుపుకొంటాడు. లేకపోతే లేదు. పది రూపాయలు తగ్గించమని అడిగే డ్రైవరు కన్నా బిల్లు అడిగే డ్రైవర్లే ఎక్కువ.

వీటన్నిటికన్నా పాత పేజీలో ఒక మాట ఉంది. షెడ్డు తెరిచిన కొత్తల్లో అనంతపురం వైపు డ్రైవరొకడు అన్నది: "బండికి నీళ్లు పోసినారు, బాగుంది. నాకు నీళ్లు యాడ?" పెదనాయన అప్పటికి సంపు పక్కనే పోసుకోమన్నాడు. దాంతో ఆడవాళ్లుండే ఇంటికి ఎదురుగా పదిమంది మగవాళ్లు తెల్లవారుజాము నుంచి స్నానాలు మొదలుపెట్టారు. జేజి ఊరుకోలేదు. నాలుగు రోజుల్లో గోడ లేచింది, గోడకు తలుపు, తలుపు వెనక రెండు కుళాయిలు, బట్టలుతికే బండ. అలా వచ్చింది మా షెడ్డుకు స్నానాల గది. ఆ తర్వాతే బండ్లు పెరిగాయి. పంపు ఎవరికైనా ఉంటుంది, బండ కొందరికే ఉంటుందని పెదనాయన ఇప్పటికీ అంటాడు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే, రాత్రి ఆగవలసిన చోట కార్మికులకు విశ్రాంతి గదులు ఉండాలని రాసి ఉండేది. అయితే ఆ చట్టం వర్తించింది అయిదుగురు అంతకన్నా ఎక్కువమంది కార్మికులు ఉన్న సంస్థలకు. మా తాతలాగా ఒకటి, రెండు బండ్లున్న ఓనర్లు దాని కిందికి వచ్చేవాళ్లు కాదు. మన దేశంలో లారీలు ఎక్కువగా ఉన్నది అలాంటి చేతుల్లోనే. చట్టం ఒక దారిలో, లారీ ఇంకో దారిలో పోయాయి. ఈ మధ్య కాలంలో పెట్రోలు బంకుల దగ్గర డ్రైవర్లకు పడక, స్నానం, వంట వసతులు కొన్ని వచ్చాయి. జాతీయ రహదారుల మీద మొదటి విడతగా వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. 2025లో కొత్త లారీల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి అయింది. మంచిదే. చెరువు గట్టున చెట్టు కింద ఉన్నంత చల్లదనం చేరడానికి యాభై ఏళ్లు పట్టింది, అంతే.

మా షెడ్డు మూతపడింది నష్టం వచ్చి కాదు. రోడ్డు నాలుగు లైన్లయింది. మధ్యలో గోడ లేచింది. సేలం నుంచి వచ్చే బండికి మా షెడ్డు కళ్ల ముందే కనబడుతుంది, చేరాలంటే మాత్రం మైళ్లు పోయి తిరిగి రావాలి. ఇటు వైపు వచ్చేవాళ్లూ సర్వీసు రోడ్డు మలుపు దాటేసి పోయేవాళ్లు. సగం గిరాకీ ఒక్క గోడతో పోయింది. బోరు కూడా లోతుకు పోయింది. తిరుచెంగోడు రిగ్గు బండ్లు మన ఆంధ్ర పల్లెల్లోకి కూడా వస్తాయి, మీరు చూసే ఉంటారు. అవే మా జాగాలో వెయ్యి అడుగులు దాటి దించితే సన్నటి ధార వచ్చింది.

ఇంకో మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. క్లీనరు మాయమయ్యాడు. జీతం మిగులుతుందని మొదట ఓనర్లు మానేశారు. పిల్లలు కూడా ఆ పనికి రావడం మానేశారు, అది మంచికే. తర్వాత నేషనల్ పర్మిట్ బండిలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కూడా 2018లో ఎత్తేశారు. అదే ఏడాది ఎనిమిదేళ్ల లోపు బండ్లకు ఎఫ్.సి. రెండేళ్లకు ఒకసారి చాలన్నారు. అంటే ఓనరు కట్టే ఆ ఒక్క కడుగుడు కూడా సగమైంది. ఇప్పుడు పద్నాలుగు, పదహారు చక్రాల బండిలో ఒకే ఒక్కడు కూర్చొని వస్తున్నాడు. తాత బెంజి మీద ముగ్గురుండేవాళ్లు.

సెల్ఫ్ సర్వీసు అనగానే మా అనుమానం అక్కడే. గన్ను పట్టుకోవాల్సిన మనిషి రాత్రంతా బండి తోలి వచ్చినవాడు. అతనికి నిద్ర కావాలి, నీళ్లు పోసుకోవాలి, తినాలి. మీటరు నిమిషాలు లెక్కపెడుతుంటే అతను చుట్టూ తిరిగి చూడడు, తుప్పు చార కనబడదు. గబగబా ముందరి అద్దం, వెనక నంబరు ప్లేటు తడిపి వెళ్లిపోతాడు. డబ్బు మిగులుతుంది, కడగడం వల్ల రావలసిన లాభం పోతుంది.

అలాగని పిల్లల మాటలో పస లేదనలేం. సొంత బండి తోలుకొనే డ్రైవర్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లు బండిని ఇంకొకరి చేతికి ఇవ్వరు. పేరు మీద గన్ను పడనివ్వరు. తక్కువ డబ్బుకు నీళ్లు, గన్ను, నిలుపుకొనే జాగా ఇస్తే సంతోషంగా తామే కడుక్కుంటారు. జీతానికి తోలేవాడి సంగతి వేరు. అతనికి అడుగు భాగం తన కళ్లతో చూసుకొనే పావుగంట, మిగతాది ఇంకొకరు కడుగుతుంటే స్నానం, చేతికి బిల్లు కావాలి. ఇద్దరినీ ఒకే మీటరు కింద నిలబెడితే కుదరదు. గంటకు ఇంత అని జాగాకు కట్టించుకొని, నీళ్లకు బండి సైజును బట్టి ఒక రేటు పెడితే ఇద్దరికీ సరిపోతుందని మా లెక్క. పిల్లలు ఇంకా ఒప్పుకోలేదు. నీళ్లు వృథా అవుతాయంటారు, అదీ నిజమే.

ఒప్పుకున్నవి కొన్ని ఉన్నాయి. ఒక వైపు వచ్చి ఇంకో వైపు పోయేలా జాగా తెరిచి ఉండాలి. నలభై అడుగుల కంటైనర్ని అర్ధరాత్రి రివర్సు తీయమంటే ఎవడూ రాడు. క్యాబిన్ పైకప్పు అందేలా రెండు వైపులా మెట్ల చట్రం ఉండాలి. డ్రమ్ములు చల్లారేదాకా ఆగడానికి వేపచెట్ల కింద చోటు ఉండాలి. ఆ చెట్లు తాత నాటినవే, అవి కొట్టకూడదు. రాత్రి రెండింటికి కూడా లైటు, నీళ్లు, ఒక మనిషి ఉండాలి. మనిషి లేని షెడ్డులో బండి వదిలి ఏ డ్రైవరూ నిద్రపోడు.

చివరికి నీళ్ల దగ్గర ఆగాం. బోరు ధార సన్నం గనుక, కడిగిన నీళ్లను మళ్లీ వాడక తప్పదు. వరసగా మూడు తొట్లు కట్టాలి. మొదటిదాంట్లో బురద దిగుతుంది, రెండోదాంట్లో ఆయిలు పైకి తేలితే తీసెయ్యాలి, మూడోదాంట్లోంచి వచ్చింది చక్రాలకు, అడుగు భాగానికి పోతుంది. అద్దాలకు షెడ్డు కప్పు మీద పడే వాన నీళ్లు. బోరు నుంచి వచ్చే మంచి ధార నేరుగా స్నానాల గదికి. తొట్ల కొలతలు కాగితం మీదికి వచ్చాయి. జేజి కట్టించిన గోడ ఇంకా గట్టిగానే ఉంది. బట్టలుతికే బండ మీద మట్టి పేరుకుంటే మొన్న దాన్ని పారతో తీసి కడిగించాం.